పోటు తిరిగేదాకా

మా మరిది త్రిమూర్తులు కుడి అరచెయ్యి చూస్తే చాలు, వాడి చరిత్ర మొత్తం తెలిసిపోతుంది. చెయ్యి నిండా నల్లటి మచ్చలు. చేపముల్లు గుచ్చుకుని పడినవి కావు, వలతాడు ఒరుసుకుని పడినవి అంతకన్నా కావు. కర్పూరం కాలిన మచ్చలు. పళ్ళెంలో కర్పూరం వెలిగించి, దాన్ని అరచేత్తో ఆర్పి, "ఇంక జన్మలో ముట్టనండి" అని ప్రమాణం చేసినప్పుడల్లా ఒకటి పడింది. కాలిన చోట పొక్కు మానేదాకా కూడా ఆ ప్రమాణం నిలిచేది కాదు.

వీడు నా చెల్లెలు బేబీ మొగుడు. నా పేరు మరిడమ్మ. కొత్తరేవులో అంగన్‌వాడీ టీచర్ని. పొద్దున్న లేస్తే మూడేళ్ళ పిల్లలతో వేగేదాన్ని కాబట్టి అబద్ధాల సంగతి నాకు బాగా తెలుసు. పిల్లలు అబద్ధం ఆడితే మొహంలోనే దొరికిపోతారు. త్రిమూర్తులు ఆడితే కళ్ళమ్మట నీళ్ళు కారతాయి, ముక్కు ఎగబీలుస్తాడు, నా కాళ్ళకి దణ్ణం పెడతాడు. అంత బాగా ఏడ్చే మగవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

మా ఊరు గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గర. ఊరికి సరైన రోడ్డు లేదు, ఆసుపత్రి లేదు. యానాం మాత్రం పక్కనే ఉంది. అక్కడ మందు చవక. మా మగాళ్ళకి ఆ ఊరు చూపించిన దేవుడు ఎవడో గానీ, వాడు కనిపిస్తే నాలుగు మాటలు అడగాలని ఉంది.

పని విషయంలో వీడికి వంక పెట్టడానికి లేదు. బంగార్రాజు గారి బోటుకి త్రిమూర్తులే తండేలు. అంటే బోటు మీద పెద్ద. ఎక్కడ వల వెయ్యాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో చెప్పేది వీడే, మిగతావాళ్ళు వీడి మాట వినాలి. నీటి రంగు చూసి కింద ఏ చేప ఉందో చెప్పేవాడు. బ్రాందీ సీసా రంగు చూస్తే మాత్రం తన పేరేంటో కూడా చెప్పలేడు.

ఇంక భక్తి! అబ్బో, వీడి భక్తి గురించి చెప్పాలంటే నాకు కడుపు మండిపోతుంది. ఒక ఏడు అయ్యప్ప మాల వేశాడు. నల్లబట్టలు, చన్నీళ్ళ స్నానాలు, ఊరంతా "స్వామీ, స్వామీ" అని పిలుపులు. బేబీ మురిసిపోయి వాడికి వేరే గిన్నెల్లో వండి పెట్టింది. శబరిమల నుంచి వచ్చాడు, మాల తీసి పటానికి వేశాడు, ఆ నల్లబట్టలతోనే యానాం వెళ్ళాడు. ఇంకో ఏడు అన్నవరం తీసుకెళ్ళాం. సత్యనారాయణ స్వామి వ్రతంలో వీడు కూర్చుని కథ విన్నాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, కొండ మీదే ఒట్టు వేశాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సు ఎక్కడో ఆగితే నీళ్ళకని దిగాడు. మళ్ళీ ఎక్కేసరికి జేబులో ప్రసాదం పొట్లం, నోట్లో మందు వాసన. ఆ తరవాత ఏడు జ్ఞానప్రకాశం పాస్టరు గారి దగ్గరికి పోయాడు. పాపం, ఆయన మంచివాడు, ఎవర్నీ కాదనడు. గోదావరిలో నడుం లోతుకి తీసుకెళ్ళి బాప్తిస్మం ఇచ్చాడు. నీళ్ళలో ముంచినప్పుడు ఏ పాపం పోయిందో గానీ, లేచేటప్పుడు మటుకు దాహంతోనే లేచాడు.

ఏ దేవుడి పేరున మానినా వీణ్ణి మళ్ళీ ముంచేది ఒక్కటే రోజు. వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని సముద్రంలో వేట ఆపేస్తారు. జూన్‌లో మళ్ళీ బోట్లు కదిలే రోజున గంగమ్మకి పూజ. బోటు ముందుభాగానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, కోడిని కోసి, సాక పోస్తారు. గ్లాసుడు మందు తీసుకుని తండేలు సగం అమ్మవారి పేరున బోటు మీద పోస్తాడు, మిగిలిన సగం అమ్మవారి ఎంగిలి అని తను తాగుతాడు. తండేలు తాగాకే మిగతావాళ్ళు తాగి బోటెక్కుతారు. తండేలు తాగని బోటెక్కడానికి మా ఊళ్ళో ఎవడికీ గుండె చాలదు.

"అది తాగుడు కాదండి వదినగారూ, ప్రసాదం. అమ్మ పెట్టింది వద్దంటే కళ్ళు పోతాయండి," అనేవాడు.

"ప్రసాదం అయితే అక్కడితో ఆగాలి కదరా! సాయంత్రానికి సీసాలు సీసాలు దించేస్తావు, ఆ ఎంగిలి కూడా అమ్మవారిదేనా?"

మళ్ళీ ఏడుపు, మళ్ళీ కర్పూరం. బేబీ మళ్ళీ నమ్మేది. మా అమ్మ దానికి జాలి ఇచ్చి నాకు నోరు ఇచ్చింది, కాస్త కలిపి పంచి ఉంటే ఇద్దరం బాగుపడేవాళ్ళం.

కిందటేడు పూజ అయ్యాక వీడు చేసిన పని చెప్తే మీరు కూడా ఛీ అంటారు. మా అంగన్‌వాడీ తాళం విరగ్గొట్టి పిల్లల గుడ్లు ఎత్తుకుపోయాడు. ఒక్కో గుడ్డు మీదా సర్కారు ముద్ర ఉంటుంది, ఎవడు చూసినా అంగన్‌వాడీ గుడ్డని చెప్తాడు. ఆ తెలివి కూడా లేదు. అట్టలు చంకలో పెట్టుకుని యానాంలో ఒక హోటలువాడికి అమ్మబోతే వాడే నాకు ఫోన్ చేశాడు. మర్నాడు పిల్లలకి పప్పన్నం మాత్రమే పెట్టాను. దుర్గాశ్రీ అనే బుడ్డిది ఖాళీ పళ్ళెం చూపించి, "టీచర్, గుడ్డు మర్చిపోయావు," అంది. ఆ సాయంత్రమే వెళ్ళి నా చెల్లెల్ని బట్టలతో సహా నా ఇంటికి తెచ్చేసుకున్నాను.

ఆ సిగ్గుతోనో, బేబీ లేని ఇంట్లో ఉండలేకనో, వీడు కాకినాడలో మందు మాన్పించే కేంద్రంలో చేరతానన్నాడు. బంగార్రాజు గారు కారు పంపారు. చేర్పించడానికి నేనే వెళ్ళాల్సి వచ్చింది, ఇంకెవరు వెళ్తారు? అక్కడ కౌన్సిలింగ్ చేసే ఆవిడ దేవకుమారి గారని, మెత్తగా మాట్లాడే మనిషి.

"మీకంటే పెద్దది ఏదో ఒకటి నమ్ముకోండి. అది ఏంటన్నది మీ ఇష్టం. ఎవరో చెప్పారని కాదు, మీకు మీరుగా వెతుక్కోండి," అందావిడ.

నాకు నవ్వాగలేదు. గోదావరి జిల్లాలో దేవుళ్ళకి కరువొచ్చిందా, వీడు కొత్తగా ఒకణ్ణి వెతకడానికి? వీడి ఇష్టానికి వదిలేస్తే సీసాకే బొట్టు పెడతాడు. అదే మాట ఆవిడతో అన్నాను. త్రిమూర్తులు మాత్రం తలొంచుకుని, "నాకంటే పెద్దోళ్ళందరి మీదా ఒట్లేసేశానండమ్మా. ఎవరూ మిగల్లేదండి," అన్నాడు. కారు మమ్మల్ని దింపి వెళ్ళిపోయింది కాబట్టి నేను ఆటో ఎక్కి బస్టాండుకి వచ్చేశాను.

చలికాలంలో తిరిగొచ్చాడు. కాస్త బరువెక్కాడు, కళ్ళు తెల్లబడ్డాయి. వచ్చినవాడు గుడికి వెళ్ళలేదు, చర్చికి వెళ్ళలేదు, మా ఇంటికొచ్చి ఏడవనూ లేదు. ఊరి చివర గోదావరి పాయ గట్టున సరుగుడు గుంజ ఒకటి పాతి, దానికి తన పాత చిన్న నావ కట్టుకున్నాడు. వేళాపాళా లేకుండా వెళ్ళి అందులో కూర్చుంటున్నాడని ఊళ్ళో చెప్పుకున్నారు. నాకు వెంటనే అర్థమైపోయింది. నావలో సీసా దాచాడు. దొరికితే బేబీ మొహాన కొట్టి చూపించొచ్చు కదా అని ఒకరోజు మధ్యాహ్నం సెంటరు మూసేసి బురదలో పడి వెళ్ళాను.

మోకాళ్ళు ముడుచుకుని నావలో కూర్చుని ఉన్నాడు. గుంజకి కట్టిన తాడు రెండు చేతులతో పట్టుకున్నాడు. చేతులు వణుకుతున్నాయి.

"సీసా ఎక్కడ పెట్టావు?"

"లేదండి వదినగారూ. వెతుక్కోండి."

వెతకమంటే ఊరుకుంటానా? చెక్కలు ఎత్తి చూశాను, వలమూట విప్పి చూశాను, వాడి చొక్కా జేబులు కూడా తడిమాను. ఒక ఖాళీ నీళ్ళ డబ్బా, అంతే. నాకు ఇంకా ఒళ్ళుమండింది.

"మరి ఇక్కడేం చేస్తున్నావు, జపమా?"

"మందుకి నోరు పీకేత్తంటే ఇక్కడికొచ్చి కూకుంటానండి." వాడు నా వైపు చూడలేదు, నీళ్ళనే చూస్తున్నాడు. "పోటెక్కుతాది చూడండి, ఎంతెంత బోట్లనైనా ఎత్తేత్తాది. మనం ఆపలేమండి. కానీ అది ఉండిపోదండి, తిరిగిపోద్ది. తిరిగేదాకా తాడు వదలకుండా ఉంటే చాలండి."

"ఓహో. అయితే ఇప్పుడు ఈ నీళ్ళకి దణ్ణం పెడుతున్నావన్నమాట."

"దణ్ణం కాదండి. నీరు తిరిగినప్పుడు ఊరికే 'సరే' అంటానండి."

"ఎవరితో?"

"తెలీదండి," అన్నాడు.

తెలియదట! ముక్కోటి దేవతలనీ మోసం చేసి, చివరికి బురదకి సరే చెప్తున్నాడు. ఇంటికొచ్చి బేబీకి వాడి గొంతుతో చేసి చూపించాను. అది నవ్వలేదు. "చేతులు వణుకుతున్నాయా అక్కా?" అని మాత్రం అడిగింది. దీన్నేం చెయ్యాలో చెప్పండి.

మా ఊరివాళ్ళు ఊరుకుంటారా? ఏ రాయైనా నాలుగు రోజులు ఒకచోట కదలకుండా ఉంటే బొట్టు పెట్టేసే జాతి. త్రిమూర్తులు మందు ముట్టడం లేదని తెలిసేసరికి ఆడవాళ్ళు వెళ్ళి ఆ గుంజకి పసుపు రాసి, గాజులు కట్టి, కొబ్బరికాయ కొట్టి వచ్చారు. మొగుళ్ళని మాన్పించమని మొక్కులు కూడానూ. వీడు పాయలో నీళ్ళు తెచ్చి ఆ పసుపంతా కడిగేశాడు. "ఇది దేవుడు కాదండమ్మా. నా తిప్పలకి నేను పాతుకున్న కర్ర. మీకు కావాలంటే మీరొకటి పాతుకోండి," అన్నాడట. వాళ్ళకి కోపం వచ్చింది. నాకైతే ఇది కొత్త నాటకం అనిపించింది.

వేసవి వెళ్ళింది. బేబీ మనసు మెత్తబడుతోంది, నాకు తెలుస్తూనే ఉంది. పాయ వైపు వెళ్ళే దారిలోనే దానికి పనులు పుట్టుకొస్తున్నాయి. ఒకరోజు నిలదీశాను.

"వెళ్ళాలనుందా?"

"ఉందక్కా."

"గంగమ్మ పూజ అయ్యేదాకా ఆగు. ఆ రోజు నీ కళ్ళతో నువ్వే చూడు. గ్లాసు తాగాడంటే మళ్ళీ వాడి పేరు నా దగ్గర ఎత్తకూడదు. తాగకపోతే నీ ఇష్టం, నేను అడ్డం రాను."

అది ఒప్పుకుంది. వాడు తాగుతాడని నాకు అనుమానమే లేదు. తాగకపోతే బోటు పోతుంది, బోటు పోతే తిండి పోతుంది, దాని మీద గంగమ్మ భయం. అన్నీ కలిసి వాడి గొంతులో పోస్తాయి. నిజం చెప్పాలంటే వాడు తాగాలనే కోరుకున్నాను. ఒక్కసారి గట్టిగా తాగేస్తే నా చెల్లెలు బతికిపోతుంది.

పూజ రోజు పొద్దున్నే పాయ గట్టున జనం. బోట్లకి కొత్త రంగులు, మైకులో పాటలు, ఇస్త్రీ చొక్కాలో బంగార్రాజు గారు. ఆడవాళ్ళం బోట్ల దగ్గరికి వెళ్ళకూడదు కాబట్టి గట్టు మీదే నిలబడ్డాం. పూజ జరిపించేది ముసలి బుల్లియ్య. కోడిని కోసి, గ్లాసు నిండా మందు పోసి త్రిమూర్తులు చేతికిచ్చాడు. ఆ వాసన గట్టు మీదకి కూడా వచ్చింది. బేబీ నా చెయ్యి పట్టుకుంది.

వాడు అమ్మవారికి దణ్ణం పెట్టి సగం బోటు మీద పోశాడు. మిగిలిన సగంతో అలాగే నిలబడిపోయాడు.

"తాగరా," అన్నాడు బుల్లియ్య.

"నేను తాగనండి తాతగారూ."

మైకు కట్టేశారు. బుల్లియ్య మొహం గంటుపెట్టుకుని, "అమ్మ ఎంగిలి నీకు చేదైందా? తండేలు తాగని బోటు మేం ఎక్కం. సముద్రంలో ఏదైనా అయితే నీ కర్రగుంజ వచ్చి కాపాడతాదా?" అన్నాడు. వెనకాల కుర్రాళ్ళు పగలబడి నవ్వారు.

బంగార్రాజు గారు పెద్దమనిషిలాగా ముందుకొచ్చారు. "ఎందుకురా గొడవ? ఒకసారి పెదాలకి ఆనించి వాళ్ళకిచ్చెయ్. అమ్మవారికీ బాగుంటుంది, నీకూ బాగుంటుంది. ఎవడు చూడొచ్చాడు?"

ఎంత తేలికైన మాట! వీణ్ణి కాకినాడ పంపడానికి కారిచ్చిన మనిషే ఆ మాట అన్నాడు. ఇంతలో నా పక్కనుంచి ఇంకో గొంతు.

"ఏవండీ, ఆనించండి! పెదాలకి ఆనిస్తే ఏం కాదు. అమ్మకి కోపం తెప్పించకండి!"

బేబీ! వీడి తాగుడికి అందరికంటే ఎక్కువ ఏడ్చింది అదే. దెబ్బలు తిన్నది, పస్తులున్నది అదే. బోటు పోతుందనీ, అమ్మవారు చంపేస్తుందనీ భయంతో అరుస్తోంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చి, "నోరు ముయ్యవే!" అని దాని రెక్క పట్టి వెనక్కి లాగాను. లాగాక గానీ నాకు తట్టలేదు, వాడు తాగాలనే కదా నేను కోరుకున్నది, మరి దీన్నెందుకు ఆపుతున్నాను?

వాడు ఒకసారి గట్టు వైపు చూశాడు. గ్లాసులో మందు తొణుకుతోంది. "నీరు తిరిగేదాకా ఆగండి," అని బోటు ముందుభాగంలో కూర్చుండిపోయాడు. ఒక చేతిలో గ్లాసు. రెండో చెయ్యి బోటు కట్టిన తాడు మీద.

ఎలాగూ నీరు సముద్రం వైపు లాగడం మొదలైతే గానీ బోట్లు పాయలోంచి కదలవు. అయినా ముహూర్తం దాటిపోతోందని తిట్టారు, పిచ్చోడన్నారు, ఒకడు ఇసక విసిరాడు. వాడు కదల్లేదు. పాయలో గుర్రపుడెక్క దుబ్బులు పోటుకి ఊరివైపు ఎక్కుతున్నాయి. నేను కూడా వాటినే చూస్తున్నాను. దేన్నీ నమ్మని మరిడమ్మ, ఎండలో కొంగు నెత్తిన వేసుకుని, నీటి మీద చెత్త ఎప్పుడు ఆగుతుందా అని నిలబడింది! మెల్లగా ఒక దుబ్బు బోటు పక్కన ఆగింది. అక్కడక్కడే తిరిగింది. తరవాత సముద్రం వైపు జరిగింది.

"సరే," అన్నాడు త్రిమూర్తులు. ఎవరితో అన్నాడో నాకు తెలియదు. లేచి గ్లాసు నీళ్ళలో వంచేశాడు. "నీది మొత్తం నువ్వే తీసుకోమ్మా," అన్నాడు.

ఆ తరవాత జరగాల్సిందే జరిగింది. బంగార్రాజు గారు అదే బోటులో పనిచేసే వీరబాబుని పిలిచి తండేలుగా పెట్టారు. వాడు కొత్త గ్లాసు ఒక్క గుక్కలో లాగించి మూతి తుడుచుకున్నాడు, అందరూ జై కొట్టారు. బోటు తాడు విప్పి వాళ్ళకి అందించింది మాత్రం త్రిమూర్తులే. తన బోటు వెళ్ళిపోతుంటే గట్టున నిలబడి చూశాడు. తరవాత పాయ చివరికి, తన గుంజ దగ్గరికి నడిచాడు. మధ్యలో కుర్రాళ్ళు సీసాలు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ పక్కనుంచే వెళ్ళాడు.

సాయంత్రం మా ఇంటికొచ్చాడు, మోకాళ్ళ దాకా బురదతో. గుమ్మం దగ్గరే ఆగాడు. బేబీ లోపలికి వెళ్ళి ఇత్తడి పళ్ళెం తెచ్చింది. అందులో కర్పూరం పెట్టి వెలిగించింది.

"ప్రమాణం చెయ్యండి. ఇంక తాగనని చెప్పండి. ఇప్పుడే వచ్చేస్తాను."

వాడు మంట వైపు చూశాడు. అలవాటున చెయ్యి కాస్త లేచింది కూడా. మళ్ళీ దింపేశాడు.

"ఒట్టెయ్యనే బేబీ."

"అంటే మళ్ళీ తాగుతారా?"

"తెలీదు. ఇయ్యాల పోటుకి తాగలేదు. రేపటిది రేపు వత్తాది. నాకు అదొక్కటే తెలుసు."

"మరి బోటు పోయింది. ఏం తిని బతుకుతారు?" అని అడిగాను నేను.

"చిన్న నావ ఉంది కదండీ. ఏటిలో వల ఏసుకుంటానండి. పడితే తింటాం." ఏడవలేదు. నా కాళ్ళకి దణ్ణం పెట్టలేదు. "గుడ్ల సంగతి కూడా మర్చిపోలేదండి వదినగారూ," అన్నాడు, అంతే.

బేబీ పళ్ళెం పట్టుకుని నా వైపు చూసింది. నేనేమనాలని? వీడు కొండల మీద ఒట్లు వేశాడు, నదుల్లో వేశాడు, మా అమ్మ శవం మీద కూడా వేశాడు. ఒక్కదాన్నీ నేను నమ్మలేదు, నమ్మకపోవడమే మంచిదైంది. వీడి నోట "తెలీదు" అన్న మాట విని నమ్మబుద్ధి పుట్టడం ఏంటో, నా మీద నాకే అసహ్యం వేసింది.

కర్పూరం తనంతట తనే కాలి ఆరిపోయింది. పళ్ళెంలో నల్లటి మసి మిగిలింది.

"దాన్ని తోమి బోర్లించి, బట్టలు సర్దుకో," అన్నాను బేబీతో.

వాడి గుంజకి నేను దణ్ణం పెట్టలేదు, పెట్టను కూడా. రేపు తాగితే మొదట చెప్పు తీసేది నేనే, ఆ మాట వాడికీ చెప్పాను. "ఆయ్," అన్నాడు. బేబీ సంచి తీసుకుని ముందు నడిచాడు. అరచేతిలో కొత్త మచ్చ పడకుండా వాడు మా గుమ్మం దిగడం అదే మొదటిసారి.